టెక్ సందేహాలు: పాత విండోస్‌లన్నిటికీ ఒకే తెలుగు వాక్యం

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేశాక, బీరువా మీది పాత సీడీలూ అటకెక్కిన సీపీయూలూ అందరికీ గుర్తొస్తున్నట్టున్నాయి. ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఫోన్లూ లేవు, ఇయర్‌బడ్‌లూ లేవు. అన్నీ పాత సరుకే.

ప్రశ్న: విండోస్ 95 నుంచి 11 దాకా అన్ని వెర్షన్లూ సేకరించి, వర్చువల్ మెషీన్లలో వేసి పోల్చాలని ఉంది సార్. దేన్ని బట్టి పోల్చాలి? ఏది ఎంత త్వరగా బూట్ అవుతుందో చూస్తే చాలా? – బీటెక్ విద్యార్థి, పటమట, విజయవాడ

వర్చువల్ మెషీన్ అంటే మీ కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఉత్తుత్తి కంప్యూటర్. అందులో బూట్ టైమ్ పోల్చడంలో పస లేదు. ఇవాళ్టి ఎస్‌ఎస్‌డీ మీద ఎక్స్‌పీ వేస్తే చిటికెలో డెస్క్‌టాప్ వస్తుంది. అది ఎక్స్‌పీ గొప్ప కాదు, మీ డిస్కు గొప్ప. అదే ఎక్స్‌పీని 64 ఎంబీ ర్యామ్‌తో నడిపినవాళ్ళను అడగండి. పచ్చని కొండ బొమ్మ కనిపించాక కూడా ఇసుక గడియారం ఎంతసేపు వెక్కిరించేదో చెబుతారు. మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస ర్యామ్ లెక్కలు వరసగా చూడండి: 95కి 4 ఎంబీ, 98కి 16, ఎక్స్‌పీకి 64, విస్టాకి 512, సెవెన్‌కి 1 జీబీ, 11కి 4 జీబీ. మొదటిదానికీ చివరిదానికీ తేడా వెయ్యి రెట్ల పైమాటే. వర్చువల్ మెషీన్‌లో దేని కాలపు ర్యామ్ దానికే ఇవ్వండి, లేకపోతే పోలికకు అర్థం ఉండదు.

ఇక దేన్ని చూడాలంటారా? ఒక్క పని పట్టుకుని, దాన్నే ప్రతి వెర్షన్‌లోనూ చేసి చూడండి. మనకైతే తెలుగులో ఒక వాక్యం టైపు చేయడాన్ని మించిన పరీక్ష లేదు. ‘జ్యోత్స్న కృష్ణకు వెళ్ళింది’ అని పెట్టుకోండి. ఒత్తు మీద ఒత్తు, వట్రసుడి, ళకు ళ ఒత్తు, అన్నీ అందులో ఉన్నాయి.

విండోస్ 98లో మొదలుపెడితే మొదటి అడుగే పడదు, దానికి తెలుగంటే ఏమిటో తెలియదు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు దాచిన ఫాంటు ఒకటి వేసుకుని తలకట్టు, గుడి, ఒత్తు విడివిడిగా అతికించుకోవాలి. ఆ వాక్యాన్ని సెలెక్ట్ చేసి ఫాంటు ఏరియల్‌కి మార్చండి. జ్యోత్స్న మాయమై పిచ్చి ఇంగ్లీషు గుర్తులు మిగులుతాయి. ఫైల్లో మొదటినుంచీ ఉన్నవి అవే, ఫాంటు వాటికి తెలుగు వేషం కట్టిందంతే.

విండోస్ 2000లో దేవనాగరి వచ్చింది, తమిళం వచ్చింది. తెలుగు రాలేదు. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో మన లిపికి 1991 నుంచీ చోటు ఉన్నా ఇదీ సంగతి. 2001లో ఎక్స్‌పీ వచ్చాక గానీ మన వంతు రాలేదు, అది కూడా ఊరికే రాలేదు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ ట్యాబ్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైళ్ళ గడికి టిక్ పెట్టాలి. ఓకే కొట్టగానే ఎక్స్‌పీ సీడీ పెట్టమంటుంది. సిస్టమ్ అమ్మినవాడు సీడీ ఇచ్చి ఉంటేగా! తెలుగు సైట్లలో డబ్బాలు తప్ప ఇంకేమీ కనిపించక విసిగిపోయినవాళ్ళు ఆ రోజుల్లో కోకొల్లలు. సీడీ ఉన్నవాళ్ళకు మాత్రం రీస్టార్ట్ అయ్యాక గౌతమి ఫాంటులో అక్షరాలు కుదురుగా కనిపించేవి. ఈ టిక్ పెట్టకముందు ఒక స్క్రీన్‌షాట్, పెట్టాక ఒకటి తప్పకుండా తీసుకోండి. మీ సేకరణలో నేనైతే మొదట చూసేది ఆ రెండే.

ఆ తర్వాతి కథ త్వరగా అయిపోతుంది. విస్టా నుంచి ఆ టిక్ గొడవ లేదు. సెవెన్‌లో వాణి ఫాంటు, 8లో నిర్మల యూఐ వచ్చాయి. ‘అమ్మ’ అని ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులో పడే ఫొనెటిక్ కీబోర్డు మాత్రం విండోస్‌లో నేరుగా కలిసింది 2019 మే నాటి విండోస్ 10 అప్‌డేట్‌లోనే. అప్పటిదాకా విండోస్‌లో ఉన్న ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక రానివాళ్ళంతా బయటి సాఫ్ట్‌వేర్ల మీదే నెట్టుకొచ్చారు.

ప్రతి స్క్రీన్‌షాట్‌కూ బిల్డ్ నంబరు రాసుకోండి. రన్ బాక్సులో విన్‌వర్ అని కొడితే చూపిస్తుంది, 95, 98లలోనైతే మై కంప్యూటర్ ప్రాపర్టీస్‌లో చూడండి. ‘విండోస్ 98’ అని రాసి వదిలేస్తే చాలదు. మొదటి 98 నంబరు 4.10.1998, సెకండ్ ఎడిషన్‌ది 4.10.2222. రెండిటి ప్రవర్తనా ఒకటి కాదు. సెవెన్ లోపల 6.1 అని కనిపిస్తే కంగారు పడకండి. పాత ప్రోగ్రాములు ముందంకె మారిందని మొరాయించకుండా మైక్రోసాఫ్ట్ కావాలనే విస్టా నాటి 6నే ఉంచింది.

ప్రశ్న: మాది డీటీపీ షాపు. పాతికేళ్ళ నాటి పెళ్ళి కార్డులు, కరపత్రాలు, పుస్తకాల ఫైళ్ళన్నీ ఒకే ఎక్స్‌పీ సిస్టమ్‌లో పేజ్‌మేకర్, అను ఫాంట్లతో ఉన్నాయి. హార్డ్‌డిస్క్ టిక్‌టిక్‌మంటోంది. కొత్త కంప్యూటర్‌లోకి ఉన్నదున్నట్టు మార్చొచ్చా? – బ్రాడీపేట, గుంటూరు

ముందు ఆ సిస్టమ్ ఆపేయండి. ఇది చదవడం పూర్తయ్యాక కూడా ఆన్ చేయకండి. టిక్‌టిక్‌మనే డిస్కు తిరిగిన ప్రతిసారీ ఇంకొంచెం పాడవుతుంది. స్క్రూలు విప్పి డిస్కు బయటికి తీయించండి. డిస్కు కనెక్షన్ పాత రకం ఐడీఈ అయితే ఐడీఈ, కొత్త రకం సాటా అయితే సాటా, సరిపోయే యూఎస్‌బీ అడాప్టర్‌తో వేరే కంప్యూటర్‌కి తగిలించి మొత్తం డిస్కు ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా నకలు, తీయాలి. ఫోల్డర్లు కాపీ చేస్తే సరిపోదు, సెట్టింగులూ ఫాంట్లూ అన్నీ రావాలి. లినక్స్‌లోని డీడీరెస్క్యూ దీనికి సరైన పనిముట్టు. బాగున్న భాగాలు ముందు లాగేసి, చెడినచోటికి తర్వాత తీరిగ్గా వస్తుంది. డిస్కు అసలు తిరగకపోతే మాత్రం మీరు చేయి పెట్టకండి, డేటా రికవరీ చేసేవాళ్ళకు ఇవ్వండి.

ఇమేజ్ వచ్చాక దాన్ని వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్‌కి డిస్కుగా మార్చి కొత్త కంప్యూటర్‌లో నడపొచ్చు. స్టోరేజ్ కంట్రోలర్ దగ్గర సాటా కాకుండా ఐడీఈ ఎంచుకోండి, లేదంటే ఎక్స్‌పీ నీలితెర వేసి 7బీ అనే ఎర్రర్ చూపిస్తుంది. హార్డ్‌వేర్ మారిందని మళ్ళీ యాక్టివేషన్ అడగొచ్చు. మీ సాఫ్ట్‌వేర్లలో దేనికైనా ప్రింటర్ పోర్టుకు గుచ్చే లాక్ ఉంటే అసలు చిక్కు అక్కడే. దాన్ని వర్చువల్ మెషీన్ గుర్తించడం కష్టం. అలాంటప్పుడు పాత మదర్‌బోర్డునే ఉంచి డిస్కు ఒక్కటి మార్చుకోవడం నయం. ఈ మెషీన్‌కి నెట్ మాత్రం ఇవ్వకండి. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8నే ముగిసింది. నెట్‌వర్క్ అడాప్టర్ ఆఫ్ చేసి, ఫైళ్ళు అటూఇటూ మార్చడానికి షేర్డ్ ఫోల్డర్ వాడుకోండి.

ఎన్ని చేసినా పేజ్‌మేకర్‌కి ముందు దారి లేదు. 2001లో వచ్చిన 7 తర్వాత అడోబ్ మరో పెద్ద వెర్షన్ తేలేదు. ముఖ్యమైన పుస్తకాలను పీడీఎఫ్ చేసి ఉంచండి, మళ్ళీ మార్పులు చేయాల్సిన వాటిని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి తెచ్చుకోండి. ఒత్తుల దగ్గర తప్పులు పడతాయి. ప్రూఫ్ చూడక తప్పదు.

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్‌లో విండోస్ 95 వేస్తే ప్రతిసారీ ‘విండోస్ ప్రొటెక్షన్ ఎర్రర్’ వచ్చి ఆగిపోతోంది. సీడీ పాడైందా? – కొత్తపేట, గుంటూరు

సీడీ బాగానే ఉండి ఉంటుంది. ప్రాసెసర్ మరీ వేగంగా ఉంది. ఒక చిన్న లూపు తిరగడానికి ఎంత సమయం పడుతుందో విండోస్ 95 మొదట్లో కొలుచుకుంటుంది. 2.1 గిగాహెర్ట్జ్ దాటిన చిప్‌లో ఆ లూపు ఎంత త్వరగా అయిపోతుందంటే సమయం సున్నా అని వస్తుంది. సున్నాతో భాగించబోయి చతికిలబడుతుంది. 1995లో ఈ వేగం ఎవరూ ఊహించలేదు.

వర్చువల్‌బాక్స్ పక్కన పెట్టి 86బాక్స్ వాడండి. అది మీ ప్రాసెసర్‌ను అప్పగించకుండా పాత పెంటియమ్‌నే మొత్తంగా అనుకరిస్తుంది. పెంటియమ్, 32 ఎంబీ ర్యామ్, ఎస్3 గ్రాఫిక్స్, సౌండ్ బ్లాస్టర్ 16 ఎంచుకుంటే 95 హాయిగా నడుస్తుంది. ఒకవేళ దాన్ని రోజుల తరబడి ఆన్‌లోనే ఉంచితే 49.7వ రోజున బిగుసుకుపోవచ్చు. మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల కౌంటర్ అక్కడితో నిండిపోతుంది. అన్ని రోజులు క్రాష్ కాకుండా నడిస్తే కదా అంటారా, అదీ నిజమే.

ప్రశ్న: 2024 సెప్టెంబరు వరదలో మా ఇంట్లో పాత విండోస్ సీడీలు, పత్రికలతో వచ్చిన సీడీలు, ఫ్లాపీలు అన్నీ బుడమేరు నీళ్ళలో నానాయి. బురద ఎండిపోయి అలాగే ఉన్నాయి. పనికొస్తాయా? – సింగ్‌నగర్, విజయవాడ

సీడీల మీద ఆశ వదులుకోకండి. గీకకుండా డిస్టిల్డ్ వాటర్‌లో నాననిచ్చి, మెత్తని నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా రుద్దితే గీత పడినచోట ఒకే ట్రాకు పొడవునా పోతుంది. చాలామంది మెరిసే వైపే జాగ్రత్తగా చూస్తారు, నిజానికి సున్నితమైనది బొమ్మ ఉన్న పైవైపు. డేటా పొర దాని కిందే ఉంటుంది. ఎండలో మాత్రం ఆరబెట్టకండి, ఇంట్లో రాసుకున్న సీడీల రంగు వెలిసి చదవకుండా పోతాయి. లైటుకు అడ్డంగా పట్టి చూడండి. సూది బెజ్జాల్లా వెలుతురు కనిపిస్తే అక్కడి డేటా పోయినట్టే.

ఫ్లాపీల విషయం వేరు. లోహపు మూత జరిపి చూసినప్పుడు తెల్ల మచ్చలుంటే అది బూజు. డ్రైవులో పెట్టారా, హెడ్డుకు అంటుకుని తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీలూ పాడవుతాయి. ఇంకో మాట, వాటిలో విండోస్ 95 ఫ్లాపీల సెట్ ఉంటే చదవడం లేదని పారేయకండి. 13 ఫ్లాపీల్లో మొదటిది తప్ప మిగతావి ఒక్కోదానిలో 1.68 ఎంబీ కుక్కిన ప్రత్యేక ఫార్మాట్‌లో ఉంటాయి. మామూలు యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవులకు అది అందదు. గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డును పాత ఫ్లాపీ డ్రైవుకు కలిపి చదివించాలి.

ప్రశ్న: పాత విండోస్‌లు ఇప్పుడెవరూ అమ్మడం లేదు కదా, డౌన్‌లోడ్ చేసుకుంటే తప్పేంటి? – లక్ష్మీపురం, గుంటూరు

అమ్మకం ఆగినా కాపీరైట్ ఆగదు. మీ దగ్గర చట్టబద్ధంగా ఉన్న సీడీ పాడవకుండా బ్యాకప్ తీసుకోవడానికి మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. ఊరూపేరూ లేని సైట్లో దొరికిన ఐఎస్ఓకి, అంటే సీడీని ఒకే ఫైలుగా చేసిన నకలుకి, అది వర్తించదు. పైగా అందులో ఎవరేం కలిపారో దేవుడికెరుక. దర్జాగా తీసుకోదగినవీ బోలెడున్నాయి. విండోస్‌కు ముందటి డాస్‌కు ఉచిత రూపమైన ఫ్రీడాస్ ఉంది, 2004 నాటి మొదటి ఉబుంటు 4.10 పాత విడుదలల సర్వర్‌లో ఇప్పటికీ ఉంది. ఎంఎస్‌డాస్ 1.25, 2.0 సోర్స్‌కోడ్‌ను 2018లో, 4.0ను 2024లో మైక్రోసాఫ్టే ఓపెన్‌సోర్స్ చేసింది.

ప్రశ్న: సీ, ఓ, ఎన్ అక్షరాలతో ‘కాన్’ అనే ఫోల్డర్ విండోస్‌లో తయారు కాదు. ఎందుకో మైక్రోసాఫ్ట్‌కే తెలియదట, నిజమేనా? – పదో తరగతి విద్యార్థి, భవానీపురం

ఈ ఫార్వర్డ్ నువ్వు పుట్టకముందు నుంచీ తిరుగుతోంది. కారణం మైక్రోసాఫ్ట్‌కి శుభ్రంగా తెలుసు. డాస్‌లో కాన్ అంటే కన్సోల్, అంటే కీబోర్డు, స్క్రీన్. మొదటి డాస్‌లో ఫోల్డర్లే లేవు కాబట్టి ఆ పేరును పరికరానికి కేటాయించేశారు. 1983లో డాస్ 2.0తో ఫోల్డర్లు వచ్చినా, పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని ఆ పేరును అన్ని ఫోల్డర్లలోనూ నిషేధంలోనే ఉంచారు. ఏయూఎక్స్, పీఆర్ఎన్, ఎన్‌యూఎల్ పేర్లతో కూడా ప్రయత్నించి చూడు.