పిల్లలతో రహస్య లిపి ఆట ఎలా ఆడించాలి?

ఎనిమిదేళ్ల పిల్లలకు తెలుగులో రహస్య లిపి నేర్పవచ్చా అని అడిగారు. నిక్షేపంగా. మన వర్ణమాల ఇందుకోసమే పేర్చినట్టుంటుంది.

క, చ, ట, త, ప వర్గాలను ఐదు వరుసల్లో, ఒకదాని కింద ఒకటి రాయించండి. ప్రతి అక్షరానికి బదులు దాని కింది వరుసలోని అక్షరం రాయాలి. అడుగున ఉన్న ప వర్గం మళ్లీ పైకెళ్లి క వర్గమవుతుంది. గుణింతం, సున్న మారవు. ఙ, ఞ, ణ, న, మలనూ, య నుంచి మొదలయ్యే అక్షరాలనూ కదపకండి. 'మామిడిపండు' రాస్తే 'మామిదికందు' వస్తుంది. 'తాత' అయితే ఏకంగా 'పాప' అయిపోతాడు! ఇక్కడ పిల్లలు పడీపడీ నవ్వుతారు. చదివేటప్పుడు ఒక వరుస పైకి వెళితే చాలు.

రోమన్ సేనాని జూలియస్ సీజర్ కూడా అక్షరాలను మూడు స్థానాలు జరిపి ఉత్తరాలు రాసేవాడు. కిటుకు అదే.

రాయడం విసుగనిపిస్తే 'క భాష' ఉండనే ఉంది. ప్రతి అక్షరం ముందు 'క' చేర్చి 'ఇటు రా'ను 'కఇ కటు కరా' అంటే సరి. కాకపోతే ఇది పెద్దవాళ్లకూ వచ్చు, రహస్యం దాగదు.

నిమ్మరసంతో రాసి ఆరబెట్టిన కాగితాన్ని వేడి చేస్తే అక్షరాలు గోధుమరంగులో తేలతాయి. ఇస్త్రీపెట్టె మాత్రం మీరే పట్టుకోండి.