అవ్వ మాటకు కొటేషన్లెందుకు?

కడప

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ రాతలో నీ గొంతు ఏదని వెతుక్కుంటూ రాసిన వ్యాసం అందింది. మీ అవ్వ చాట ముందేసుకుని బుడ్డలు ఒలుస్తూ, గింజల మీది ఎర్రపొట్టు నలిపి ఊదేసి, నీ అరచేతిలో పోసిన చోట చాలాసేపు ఆగిపోయాను. అయితే ఆ ‘బుడ్డలు’ అన్న మాటకు కొటేషన్ గుర్తులు తగిలించి, పక్కనే కుండలీకరణాల్లో ‘వేరుశనగకాయలు’ అని అర్థం చెప్పావు చూడు, అది నన్ను రాత్రంతా బాధించింది.

ఫోనులో స్నేహితురాళ్లకు రాసేటప్పుడు ఒక గొంతు, నలుగురూ చదువుతారనుకుంటే మరో గొంతు వస్తున్నదని, ఏది నిజమో తెలియడం లేదని వాపోయావు. నాకైతే ఇందులో సందేహం లేదు. అవ్వ మాటను రాసి సంజాయిషీ ఇచ్చుకోని చోట వినిపించేదే నీ గొంతు.

నలభై ఏళ్ల క్రితం ఒక వారపత్రికలో నా మొదటి కథ అచ్చయినప్పుడు, అనంతపురం బస్టాండులో ప్రతి కొని నిలబడే చదివాను. నేను ‘వంక’ అని రాసిన ప్రతిచోటా సంపాదకుడు ‘వాగు’ అని దిద్దాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఆ జిల్లాలో వంక అంటే ఎక్కువ నెలలు ఒట్టి ఇసుకే. అందులో పిల్లలు ఆడుకుంటారు, బండ్లు పోతాయి, ఒక్క రాత్రి వానకు మాత్రం అదే మనుషులను ఈడ్చుకుపోతుంది. నా కథలో తండ్రి ఎండిన వంకలో తువ్వాలు పరచుకుని నిద్రపోతాడు. ఆ నిద్రను వాగులోకి మార్చినాయన, నేను ఉత్తరం రాస్తే, అందరికీ అర్థం కావాలి కదా అని కార్డు పంపాడు. ఆ అందరిలో మన రాయలసీమ జిల్లాలు లేవా అన్న కోపం నాకు ఇప్పటికీ తీరలేదు.

1820లో ఈ కడపకు వచ్చిన బ్రౌన్ దొర, పండితులు చిన్నచూపు చూసిన వేమన పద్యాలను వెతికించి 1829లో అచ్చు వేయించాడు. తరువాత తన నిఘంటువులో జనం నోటి మాటలకూ చోటిచ్చాడు. పరాయి దేశస్థుడు అడిగి అడిగి రాసుకున్న అలాంటి మాటలను, వాటి మధ్యనే పుట్టిన నీవు గుర్తులు పెట్టి వేరు చేయడం నాకు మింగుడుపడదు.

నీవు అడిగిన కలం పేరు సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ గుర్తులన్నీ తీసివేసి వ్యాసం మళ్లీ పంపు. ఒలిచిన గింజలను మీ అవ్వ ఏం చేసిందో నీవు రాయలేదు. ఊరిబిండి నూరిందా, విత్తనానికని మూట కట్టిందా? ఆమెనే అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్లుగా రాయి.