హెబ్రీ పత్రిక రాసింది పౌలేనా?

మీరు అడిగినవి రెండు. పాస్టర్ గారు బైబిల్ కొత్త నిబంధనలోని హెబ్రీయులకు రాసిన పత్రిక అపొస్తలుడైన పౌలుదే అంటున్నారు, ఇంటర్నెట్‌లో కాదంటున్నారు, ఏది నిజం? రాసిందెవరో తెలియకపోతే దాన్ని ఎలా నమ్మాలి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పౌలు రాయలేదు. మరి ఎవరు రాశారంటే, తేల్చి చెప్పే ఆధారం లేదు. ఇంటర్నెట్ వచ్చాక పుట్టిన అనుమానం కాదిది, పద్దెనిమిది వందల ఏళ్ల నాటిది.

మా సంఘంలో యూత్‌కి కొన్నేళ్లు బైబిల్ స్టడీ చెప్పాను. ఈ పత్రిక మొదలుపెట్టినప్పుడు రచయిత సంగతి ఎత్తకుండా, రోమా పత్రిక మొదటి అధ్యాయం, దీని మొదటి అధ్యాయం వరసగా పైకి చదివించాను. రోమాలో పౌలు తన పేరు, తన పని, ఎవరికి రాస్తున్నాడో అన్నీ చెప్పి, శుభమని పలికి మొదలుపెడతాడు. హెబ్రీలో అవేవీ లేవు. "పూర్వకాలమందు నానాసమయములలోను" అంటూ నేరుగా ప్రసంగంలోకి దిగిపోతుంది. "యూదులకి పౌలంటే పడదు కదా, అందుకే పేరు దాచుకున్నాడేమో" అంది ఒకమ్మాయి. రెండో శతాబ్దం చివర్లో అలెగ్జాండ్రియాలో ఉన్న క్రైస్తవ పండితుడు క్లెమెంట్ చెప్పిన కారణం కూడా ఇంచుమించు ఇదే! పౌలు హెబ్రీ భాషలో రాస్తే లూకా గ్రీకులోకి మార్చాడని కూడా ఆయన అన్నాడు.

హెబ్రీలో రాశాడన్నది నిలబడదు. ఈ పత్రిక 10వ అధ్యాయం 5వ వచనంలో (10:5) "నాకొక శరీరమును అమర్చితివి" అని ఉంటుంది. అది 40వ కీర్తనలోని మాట. మన తెలుగు బైబిల్లో ఆ కీర్తన తీసి చూడండి, అక్కడ చెవుల గురించి ఉంటుంది. హెబ్రీ మూలంలో ఉన్నది చెవులే. శరీరం అన్నది పాత నిబంధన గ్రీకు అనువాదంలో ఉంది. పత్రికలో ఆ చోట వాదనంతా శరీరం మీదే నడుస్తుంది. అంటే రాసినాయన గ్రీకు బైబిల్ చదివి, గ్రీకులోనే ఆలోచించి రాశాడన్నమాట.

నన్ను ఒప్పించింది మాత్రం 2:3. రక్షణను మొదట ప్రభువు బోధించాడు, విన్నవాళ్లు దాన్ని మనకు దృఢపరిచారు అంటాడు రచయిత. అంటే తాను రెండో తరం మనిషినని ఒప్పుకున్నట్టే. గలతీ 1:12లో పౌలు ఏమంటాడో గుర్తుందా? సువార్తను తాను ఏ మనిషి దగ్గరా నేర్చుకోలేదనీ, యేసుక్రీస్తే బయలుపరిచాడనీ గట్టిగా చెబుతాడు. ఆ ఒక్క విషయంలో పౌలు ఎక్కడా మెత్తబడడు. అలాంటివాడు 2:3 రాశాడంటే నాకు మింగుడు పడదు. పైగా యేసును ప్రధానయాజకుడు అనడం ఈ పత్రికకి ప్రాణం. పౌలు పేరుతో ఉన్న మిగతా పత్రికల్లో ఆ మాటే రాదు.

మూడో శతాబ్దంలో ఓరిగెన్ అనే క్రైస్తవ పండితుడైతే, ఆలోచనలు పౌలువే అయినా భాష, కూర్పు వేరేవాళ్లవని, అసలు రాసిందెవరో దేవునికే తెలుసని అనేశాడు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీలో తెర్తుల్లియను అనే క్రైస్తవ రచయిత, పౌలు తోటి పనివాడైన బర్నబా పేరు చెప్పాడు. బర్నబా లేవీయుడు, అంటే దేవాలయ సేవ చేసే గోత్రంవాడు, కాబట్టి యాజకుల సంగతులు తెలిసే ఉంటాయి.

మరి పౌలు పేరు ఎలా స్థిరపడింది? తూర్పు సంఘాలు మొదటినుంచీ దీన్ని పౌలు పత్రికలతో కలిపే ఉంచాయి. సుమారు క్రీ.శ. 200 నాటి ఒక పపైరస్ ప్రతిలో ఇది రోమా తర్వాత వెంటనే వస్తుంది. పశ్చిమాన చాలాకాలం తటపటాయించారు. 397లో కార్తేజీ సభ జాబితాలో పౌలు పత్రికలు 13 అని రాసి, హెబ్రీయులకు ఆయనే రాసినది ఒకటి అని విడిగా చేర్చారు. ఒక్కసారే 14 అనలేకపోయారు పాపం. మన బైబిల్ క్విజ్‌లలో పౌలు పత్రికలు 13 అన్నా గొడవే, 14 అన్నా గొడవే కదా, దాని మూలం అక్కడే ఉంది. తర్వాత 1611 నాటి ఇంగ్లిష్ కింగ్ జేమ్స్ బైబిల్ శీర్షికలోనే పౌలు పేరు పెట్టింది. మన పెద్దవాళ్లలో చాలామందికి అదే ప్రమాణం.

పదహారో శతాబ్దపు జర్మన్ సంస్కర్త లూథర్, రచయిత అపొల్లో అయి ఉంటాడన్నాడు. అపొస్తలుల కార్యములు 18:24లో అపొల్లో అలెక్సంద్రియవాడు, విద్వాంసుడు, లేఖనాల్లో ప్రవీణుడు. ఒక పేరు చెప్పి తీరాలంటే నేనూ అపొల్లో అనే అంటాను. కానీ పాతకాలపు సాక్షి ఒక్కడూ లేడు. 1900లో హార్నాక్ అనే జర్మన్ పండితుడు పౌలు తోటి పనివాళ్లలో ఒకరైన ప్రిస్కిల్ల అనే స్త్రీ పేరు ప్రతిపాదించాడు. వినడానికి బాగుంటుంది గానీ 11:32లో రచయిత తన గురించి వాడిన గ్రీకు క్రియారూపం పుంలింగం.

ఇక నమ్మకం మాట. పేరు మీద అనుమానం ఉందని తెలిసి కూడా సంఘాలు ఈ పత్రికని చదివాయి, దాచుకున్నాయి. మొదటి శతాబ్దం చివర్లోనే రోము నుంచి కొరింథుకు వెళ్లిన లేఖలో దీని మాటలు కనిపిస్తాయి. పాత నిబంధనలోని రాజులు, దినవృత్తాంతములు అనే గ్రంథాలు ఎవరు రాశారని మనం ఎప్పుడైనా దిగులు పడ్డామా?

పాస్టర్ గారితో అందరి ముందూ వాదనకు దిగకండి. విడిగా కూర్చున్నప్పుడు 2:3, గలతీ 1:12 కలిపి చదివి ఆయనేమంటారో వినండి. బహుశా 13:23లో పౌలు సహచరుడు తిమోతి పేరుంది కదా అంటారు. మంచి పాయింటే. కానీ ఎఫెసు, కొరింథు సంఘాల్లో తిరిగిన తిమోతి పౌలు ఒక్కడికే తెలిసినవాడు కాదు, అపొల్లో కూడా ఆ ఊళ్లలో పనిచేసినవాడే.