నీ కాబూల్ కథ చదివాక

చిరంజీవి వసుధకు,

నీ కథ రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. మొదటి పేజీలోనే 'నీలి బురఖా' అయిదుసార్లు వచ్చింది. నాలుగు కొట్టేశాను, కోప్పడకు.

దాన్ని అక్కడివాళ్ళు చాదరీ అంటారు. నువ్వు రోడ్డు మీద నిలబడి చూసి రాశావు. ఒక్కసారి లోపలికెళ్ళి రాయి. కళ్ళ ముందు జాలీ, పక్కకి చూడాలంటే తలంతా తిప్పాలి, కాలవ దాటేటప్పుడు అడుగు ఎక్కడ పడుతోందో కనపడదు.

కథ ఏ ఏడాదిదో నీకే తేలినట్టు లేదు. తాలిబాన్లు 1996లో కాబూల్ పట్టుకున్నారు, 2001లో గద్దె దిగారు, 2021 ఆగస్టు 15న మళ్ళీ వచ్చారు. రెండోసారి ఇంట్లో కూర్చోబెట్టిన పిల్ల అప్పటికే బడి రుచి తెలిసిన పిల్ల. 2022 మార్చి 23న హైస్కూళ్ళు తెరుస్తామన్నారు. ఆడపిల్లలు సంచులు సర్దుకుని వెళ్తే, ఆ పొద్దునే ఇంటికి పొమ్మన్నారు. నీ కథలో పిల్లని ఆ బడి గేటు దగ్గర నిలబెట్టి చూడు. నీ కొరడా సీను అక్కర్లేకుండా పోతుంది.

ఇంకోటి, ఆ పిల్ల ఏడుస్తూనే ఉందేమిటి? తాలిబాన్ల మొదటి హయాంలో అఫ్గాన్ నగరం హెరాత్‌లో 'బంగారు సూది' అని ఒక కుట్టు బడి ఉండేది. ఆడవాళ్ళు కుట్టుపని పేరుతో వెళ్ళి సాహిత్యం చదువుకునేవాళ్ళు. వీధిలో పిల్లలు ఆడుకుంటున్నట్టే ఉండి కాపలా కాసేవాళ్ళు. ఎవరైనా వస్తున్నారంటే పుస్తకాలు లోపలికి, సూదులు చేతికి! పాఠం చెప్పింది యూనివర్సిటీ ప్రొఫెసరు, మగాయనే. నీ కథలో ఒక్క మగాడూ మనిషిలా లేడు, చూసుకున్నావా?

పేర్ల సంగతి కూడా. మన అమ్మమ్మలు మొగుడి పేరు పలికేవాళ్ళు కారు. అక్కడ తిరగేసి: చాలామంది మగవాళ్ళు పరాయివాళ్ళ ముందు భార్య పేరెత్తడం పరువు తక్కువ అనుకుంటారు, 'పిల్లల తల్లి' అని సరిపెడతారు. 'నా పేరెక్కడ' అంటూ ఆడవాళ్ళు పోరాడాక 2020లో పిల్లల గుర్తింపు కార్డులో తల్లి పేరూ వేసేలా చట్టం సవరించారు. నీ కథలో భర్త నిండు బజారులో 'గుల్నార్!' అని కేకేశాడు. మామూలుగా వెయ్యడు. ఏదో భయంలో నోరుజారి వేశాడనుకో, అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు, ఆవిడ, అతను... నాకైతే కథ అక్కడే ఉందనిపిస్తోంది.

ఆఖర్లో విదేశీ జర్నలిస్టు వచ్చి కాపాడటం తీసెయ్. దసరాలోపు తిరగరాసి పంపు, ఆ తర్వాత నాకు కంటి ఆపరేషన్.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ