గ్లాసు ఎక్కడ పెట్టిందో రాయి

అనంతపురం

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. సాయినగర్‌లో అద్దె ఇల్లు, ఆదివారం మధ్యాహ్నం, పెళ్లయి ఆరేళ్లయిన జంట. అన్నీ బాగా కుదిరాయి. కానీ రెండో పేజీకే ‘ఇద్దరి మధ్యా పూడ్చలేని అగాధం’ అనేశావు. ఆ తర్వాత నేను చూడ్డానికి ఇంకేం మిగిలింది?

అమెరికా చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ 1932లో వేసిన బొమ్మ ఒకటుంది, ‘రూమ్ ఇన్ న్యూయార్క్’. ఫోన్‌లో వెతికి, పెద్దది చేసుకుని చూడు. రాత్రిపూట లైటు వెలుగుతున్న గది. మనం కిటికీ బయట ఉన్నాం. ఎడమవైపు భర్త ముందుకు వంగి పేపర్ చదువుతున్నాడు. కుడివైపు ఎర్ర గౌను భార్య పియానో వైపు తిరిగి, దాని మీటల మీద ఒక్క వేలు ఆనించింది. పాట వాయిస్తున్నట్టు లేదు. మధ్యలో గుండ్రటి బల్ల, వెనక మూసిన తలుపు. మొహాలు కూడా సరిగా గీయలేదాయన. బల్ల మీదుగా చెయ్యి చాపితే ఒకరికొకరు అందుతారు, గది అంత చిన్నది. నా గుండె పట్టేసింది అక్కడే. వేరే వేరే గదుల్లో కూర్చోబెట్టి ఉంటే ఇంత బాధ పుట్టేది కాదు.

రాత్రిళ్లు వీధుల్లో నడుస్తూ వెలుగుతున్న గదులు చూడ్డం వల్ల ఆ ఆలోచన వచ్చిందని హాపరే చెప్పాడు. దారిన పోయేవాడికి తప్పెవరిదో ఎలా తెలుస్తుంది? నువ్వేమో ఇద్దరి మనసుల్లోకీ దూరి, భర్తదే తప్పని తీర్పు ఇచ్చేశావు.

తాడిపత్రి దగ్గర మా చిన్నాయనవాళ్ల ఊళ్లో ఎండాకాలం విత్తనం బుడ్డలు, అంటే వేరుశనగ కాయలు, ఒలిచేవాళ్లు. చిన్నాయన, చిన్నమ్మ ఒకే చాప మీద, మధ్యలో ఒకే చేట. ఇద్దరి గింజలూ అందులోనే పడేవి. చేతులు మాత్రం ఒకేసారి చేట దగ్గరికి వచ్చేవి కావు. ఒకరిది వెనక్కి పోయాకే రెండోది వచ్చేది. “అన్నం పెట్టాల్నేమో మీ చిన్నాయన్ని అడుగురా” అనేది చిన్నమ్మ. ఆయన పక్కనే ఉన్నాడు, విన్నాడు కూడా. అయినా నేను అడిగేదాకా ఆగి, “పెట్టమను” అనేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ కబుర్లు మోయడం ఆటలాగే ఉండేది. ఒకరోజు టీ తెచ్చి, గ్లాసు ఆయన చేతికివ్వకుండా చాప అంచు పక్కన నేల మీద పెట్టి పోయింది. ఆయన తల ఎత్తలేదు. టీ మీద మీగడ కట్టేదాకా ఆ గ్లాసు అక్కడే ఉంది. నాకు ఆ ఆట మీద ఇష్టం పోయింది. వాళ్లు ఎందుకు మాట్లాడుకోలేదో ఈరోజుకీ నాకు తెలియదు. కానీ ఆ గ్లాసు మర్చిపోలేదు.

మూడో పేజీలో నీ కథానాయిక కిటికీ పట్టుకుని ఏడుస్తుంది కదా, ఆ ఏడుపు తీసెయ్. ఆమెకు చేతినిండా పని ఇవ్వు. అతన్ని అదే గదిలో, ఆమెకు చెయ్యి అందేంత దగ్గరలో కూర్చోబెట్టు. ‘దూరం’, ‘మౌనం’, ‘ఒంటరితనం’ అనే మాటలు ఎక్కడున్నా కొట్టేసి చదువుకో. కథ కూలిపోయిందనిపిస్తే భయపడొద్దు, ఆ ఇంట్లో ఏమేం వస్తువులున్నాయో ఇంకోసారి చూడు.

మార్చి రాశాక పంపు. టీ గ్లాసు లాంటిది వాళ్లింట్లో ఏముందో, అది ఎవరు ఎక్కడ పెట్టారో ముందు ఆ పేజీనే చదువుతాను.

మీ అన్న