ఫ్యాటీ లివర్‌కు స్పైరులినా మాత్రలు కొనాలా?

మీ నాన్నగారికి స్కానింగ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ (లివర్‌లో కొవ్వు పేరుకోవడం, తొలి స్థాయి) అని వచ్చింది, స్పైరులినా మాత్రలు వేసుకుంటే లివర్ క్లీన్ అవుతుందని ఎవరో చెప్పారు, కొనాలా అని కదా అడిగారు. ఆ మాట నమ్మి మాత్రం కొనకండి.

స్పైరులినా అంటే నీళ్లలో పెంచే ఒక రకం నీలి-ఆకుపచ్చ నాచు. అందులో ఫైకోసయనిన్ అనే నీలిరంగు ప్రోటీన్ ఉంటుంది. దానికి యాంటీఆక్సిడెంట్ గుణం ఉన్నమాట నిజమే. కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే విష రసాయనంతో ఎలుకల లివర్ దెబ్బతీసి చేసిన ప్రయోగాల్లో, స్పైరులినా ఇచ్చినవాటికి నష్టం తగ్గింది. మనుషుల మీద జరిగినవి చాలావరకు చిన్న చిన్న అధ్యయనాలే. అమ్మేవాళ్లు ఈ సంగతి ఎత్తరు లెండి!

నాకైతే అసలు టెన్షన్ కల్తీ గురించే. పెంచే నీళ్లలో వేరే నాచు చేరితే మైక్రోసిస్టిన్ అనే విషం కలవచ్చు. అది దెబ్బతీసేది కూడా లివర్‌నే. అందుకే మైక్రోసిస్టిన్‌కీ, సీసం లాంటి లోహాలకీ పరీక్ష చేసిన రిపోర్టు చూపించని డబ్బా ముట్టుకోకండి. లూపస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బు (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసేది) ఉన్నా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నా డాక్టర్‌ని అడగందే మొదలుపెట్టొద్దు.

ఆయన బరువు ఎక్కువుంటే, అందులో 7 నుంచి 10 శాతం నెమ్మదిగా తగ్గించండి. 80 కిలోల మనిషికి సుమారు ఆరు నుంచి ఎనిమిది కిలోలన్నమాట. లివర్‌లో కొవ్వు, వాపు తగ్గడానికి ఏ మాత్ర కన్నా దీనికే గట్టి ఆధారం ఉంది. మద్యం అలవాటుంటే మానేయమనండి.