చివరగా తిన్నదెవరు?

ప్రియమైన తమ్ముడికి,

మీ ఇంటి తిండి గురించీ, నీ చిన్నతనం గురించీ నువ్వు రాసి పంపిన ఎనిమిది పేజీలూ అందాయి. రెండుసార్లు చదివాను. మొదటిసారి చదువుతుంటే నాలుగో పేజీ దగ్గర నోరూరింది. చింతపండు, ఉప్పు, ఎండుమిరపకాయ, ఇంత బెల్లం రోట్లో వేసి దంచి, ఆ ఉండను చీపురుపుల్లకు గుచ్చి మధ్యాహ్నమంతా చప్పరించడం రాశావే, అక్కడ. ఉండ కరిగిపోయాక కూడా పుల్లను నమిలి, దాన్లో ఇంకా పులుపేమైనా మిగిలిందేమోనని చూసుకోవడం. ఆ వాక్యం అచ్చంగా నీది. ఎవరు కొట్టేయమన్నా కొట్టేయకు.

రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. ఇక తిట్లు కాచుకో.

"పేదరికంలోనూ ఎంతో ఆనందం ఉండేది" అని మూడుచోట్ల రాశావు. మూడింటినీ కొట్టేశాను. ఆ పని నీ చీపురుపుల్ల ఎప్పుడో చేసేసింది, మళ్ళీ నువ్వొచ్చి చెప్పనక్కర్లేదు. "సంగటి ముద్దలను ఆరగించేవాళ్ళం" అన్నావు. ఆరగించేది గుళ్ళో దేవుడు. మనం తిన్నాం. ఆ మాటకొస్తే మింగాం, సంగటిని నమిలేవాడెవడు? ఊరిబిండిని తీసుకెళ్ళి "వేరుశనగ చట్నీ" చేశావు. ఎక్కడో కాకినాడలో కూర్చుని చదివేవాడికి అర్థం కాదేమోనని నీ భయం. రోట్లో వేయించిన చెనిక్కాయ విత్తనాలూ, మిరపకాయలూ, చింతపండూ పడుతుంటే చూపించు, అదే అర్థమవుతుంది. వాళ్ళ తరవాణి మనకు అర్థం కాలేదా?

"గిన్నెడు బియ్యం" అట. ఏ గిన్నె? మా ఇంట్లో కొలత ఒక సొట్టపడిన ఇత్తడి పావు. సొట్ట లోపలికి పడింది కాబట్టి అది పావుకు ఎప్పుడూ కాస్త తక్కువే పట్టేది. ఇరుగుపొరుగుకు బియ్యం బదులిచ్చేటప్పుడు మా జేజి, అదే నాయనమ్మ, ఆ పావుతో కొలిచేది. తిరిగి పుచ్చుకునేటప్పుడు మాత్రం "మీ పావుతోనే కొలవండమ్మా, మాది సొట్టది" అనేది, ఎంతో న్యాయంగా. పేదవాళ్ళందరూ అమాయకులూ, దేవతలూ అయి తీరాలని ఎవరు చెప్పారు నీకు? నీ ఎనిమిది పేజీల్లో ఒక్కరు కూడా ఒక్క చిన్న మోసం చేయలేదు. నేను నమ్మను.

ఇంకో తప్పుంది, ఇది భాషది కాదు. మీ నాన్న చిన్నతనంలో "కిలో రూపాయి బియ్యం" తిని పెరిగాడని రాశావు. రూపాయి బియ్యం వచ్చింది 2011 నవంబరులో, కిరణ్ కుమార్ రెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా. అప్పటికి నువ్వే బడికి పోతున్నావు. మీ నాన్న తిన్నవి రెండు రూపాయల బియ్యం, 1983లో ఎన్టీఆర్ గెలిచి వచ్చిన ఏడాది మొదలైనవి. 1992లో ధర మూడున్నరకు పోయింది. 1994 చివర ఆయన మళ్ళీ గెలిచాక మళ్ళీ రెండయింది. తర్వాత మళ్ళీ పెరిగింది, 2008లో రాజశేఖరరెడ్డి హయాంలో మళ్ళీ రెండుకు దిగింది. ఇదంతా నీ రచనలో కుక్కమని కాదు. కానీ రెండుకూ మూడున్నరకూ మధ్యనున్న ఆ రూపాయిన్నర ఇళ్ళల్లో ఏం చేసిందో తెలియకుండా బియ్యం గురించి రాయకూడదు. 25 కిలోల మీద అది నెలకు 37 రూపాయల 50 పైసలు. మా ఇంట్లో ఆ నెల నుంచి రాత్రిపూట ఒకటే దీపం. వంటయ్యేదాకా వంటింట్లో, తర్వాత నా పుస్తకాల దగ్గర.

లెక్క రాయడానికి సిగ్గుపడకు తమ్ముడూ. లెక్కలు రాస్తే కవిత్వం చచ్చిపోతుందని మన కుర్ర రచయితలకు ఒక భయం ఉంది. నాకూ ఉండేది. అప్పట్లో మనిషికి 5 కిలోలు, ఇంట్లో ఎంతమంది ఉన్నా 25కు మించి ఇచ్చేవాళ్ళు కాదు. మేం ఏడుగురం: జేజి, అమ్మ, నాన్న, అక్క, నేను, ఇద్దరు తమ్ముళ్ళు. 25 కిలోలను 30 రోజులకు పంచితే రోజుకు 833 గ్రాములు. ఏడుగురికి పంచితే తలకు 119. అదీ రెండు పూటలకూ కలిపి. ఈ లెక్క నేను వేసింది నలభై దాటాక, నిద్ర పట్టని ఒక రాత్రి. అమ్మ ప్రతి పొద్దూ ఆ సొట్ట పావుతోనే వేసేది. తక్కువ పడినదాన్ని జొన్నలూ, కొర్రలూ, రాగులూ పూడ్చాలి. వానలు ఎగ్గొట్టిన ఏడాది అవీ ఉండవు, ఉలవలే గతి. ఎద్దులకు పెట్టే ఉలవలు ఉడికించి, ఆ కట్టుతో చారు కాచి, గుగ్గిళ్ళు మా చేతిలో పోసేవాళ్ళు. ఎద్దులూ మేమూ ఒకే పంక్తి. (ఇప్పుడు కొర్రలు కొనాలంటే సన్నబియ్యం కంటే ఎక్కువ పెట్టాలి. ఉలవచారైతే పెళ్ళిళ్ళలో వెన్న వేసి పోస్తున్నారు. దీని మీద నువ్వు వ్యాసం రాయబోకు, ఇప్పటికే వందమంది రాశారు.)

అంతకుముందు వరన్నమంటే మాకు పండక్కే. స్టోరు బియ్యం వచ్చాక మామూలు రోజుల్లోకి దిగింది, ముక్కిన వాసనతో, మట్టిబెడ్డలతో. వాసన వేస్తోందని అమ్మ నాలుగైదు నీళ్ళు కడిగేది. మాకు ఆ వాసన కూడా పండగ వాసనలాగే ఉండేది. ఇది పిల్లవాడి నిజం. కడిగే ప్రతి నీళ్ళకూ బావి దాకా పోయి రావడం అమ్మ నిజం. నువ్వు రాసిన దాంట్లో మొదటిది ఉంది, రెండోది లేదు. కొందరు రెండోదే రాసి మొదటిదాన్ని నొక్కేస్తారు, అది ఇంకా ఘోరం, చదివేవాడికి ఊపిరాడదు.

ఒకటి చెప్తాను. బియ్యం కొలిచాక అమ్మ అందులోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి, మూలనున్న చిన్న కుండలో పోసి, మూకుడు బోర్లించేది. రోజూ. నేను అది తిరుపతి కొండకు ముడుపు అనుకునేవాణ్ణి. ఆ కుండ దగ్గరికి కాళ్ళు కడుక్కోకుండా పోయేవాణ్ణి కాదు. ఒక నెల స్టోరుకు సరుకు రాలేదు. వారం చూశారు, పది రోజులు చూశారు. పదకొండో రోజు అమ్మ ఆ కుండ దించింది. నాకు కాళ్ళు వణికాయి. "దేవుడివి మనం తినొచ్చా?" అన్నాను. జేజి పళ్ళు లేని నోటితో ఎంతసేపు నవ్విందో. అమ్మ నవ్వలేదు, చేతిలో బియ్యం చూసుకుంటూ "ఎనిమిది రోజులొస్తాయి" అంది.

నీ ఏడో పేజీ గురించి చెప్పకపోతే అన్యాయం. 2003 తర్వాత బడుల్లో వండి పెట్టిన అన్నం తిన్న తరం నీది, మాకు ఆ భాగ్యం లేదు. గుడ్డు పెట్టిన రోజు దాన్ని తినకుండా బాక్సు మూతలో పెట్టుకుని ఇంటికి తెచ్చావు. మీ అమ్మ జాకెట్టు కుట్టే దారం తీసి, ఒక కొస పళ్ళతో పట్టుకుని, గుడ్డును మూడు ముక్కలు కోసింది. పచ్చసొన చిట్లకుండా. అద్భుతం. అక్కడ ఆగాల్సింది. ఆగకుండా "నా కళ్ళు చెమర్చాయి" అన్నావు. పదేళ్ళ పిల్లవాడికి మూడు ముక్కల్లో పెద్దది ఏదా అని చూసుకోవడానికే టైము చాలదు, కళ్ళెప్పుడు చెమరుస్తాయి? చెమర్చింది ఇప్పుడు, రాసేటప్పుడు. దాన్ని నీ దగ్గరే ఉంచుకో.

సరదాలు రాసేటప్పుడూ అంతే, పిల్లవాడి ఎత్తు నుంచి చూడు. నువ్వు చూసి ఉండవు, మాకు టూరింగు టాకీసు ఉండేది. నేల టికెట్టంటే నిజంగా నేలే, ఇసక పోసి ఉంచేవాళ్ళు. ముందువాడి తల అడ్డమొస్తే చుట్టూ ఉన్న ఇసకంతా చేతులతో లాగి దిబ్బ చేసుకుని దాని మీద కూర్చునేవాళ్ళం. వెనకవాడు ఇంకా పెద్ద దిబ్బ. ఇంటర్వెల్లు వేళకు హాలంతా గుంటలూ గుట్టలూ. అమ్మ కొంగున బొరుగులు మూటగట్టి తెచ్చేది, చీకట్లో పంచితే ఎవరికెన్ని పడ్డాయో తెలియదు కాబట్టి తగాదా ఉండదు. చాలా ఏళ్ళు నేను ఆ బొరుగుల వల్లే సినిమా బాగుందనుకున్నాను.

ఇప్పుడు అసలు విషయం. నీ రెండో పేజీలో "అమ్మ మాకు పెట్టి, తనకు ఆకలిగా లేదని అబద్ధం చెప్పేది" అని ఉంది. ఆ వాక్యం మీద పెన్సిలు చాలాసేపు ఆపాను. ఎందుకంటే 1998లో ఒక వారపత్రికలో అచ్చయిన నా మొదటి కథ అదే వాక్యంతో మొదలవుతుంది. అందరూ మెచ్చుకున్నారు. ఉత్తరాలొచ్చాయి. పత్రిక పట్టుకుని అక్క వాళ్ళింటికి పోయాను. అక్క చేటలో కందిపప్పు ఏరుతోంది. చదివింది. చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని, "అమ్మ పస్తుండేది కాదురా, పొద్దున్నే కూలికి పోవాల్సిన మనిషి ఎట్లా పస్తుంటుంది? కథలో నేనెక్కడున్నాను?" అంది. కోపంగా కాదు, రాయి ఏరి పారేస్తున్నట్టు.

అప్పుడు గుర్తుకు తెచ్చుకున్నాను. అమ్మ సంగటి కెలికి కుండ దించి, చెయ్యి చన్నీళ్ళలో ముంచి, పళ్ళెంలో ముద్ద దొర్లించేది. మొదటి ముద్ద నాన్నకు. పెద్దది. రెండోది నాకు, తర్వాత తమ్ముళ్ళకు, జేజికి. బొటనవేలితో నడుమ గుంట చేసి పులుసు పోసేది. నేను తినడం త్వరగా అయిపోయేది, పళ్ళెం ముందుకు జరిపేవాణ్ణి, అందులో ఇంకో అరముద్ద పడేది. ఎక్కడి నుంచి పడేదో ఏనాడూ చూడలేదు. అక్క దీపం పక్కన కూర్చుని మాకు నీళ్ళు అందించేది. తను ఎప్పుడు తినేదో నాకు తెలియదు. పద్దెనిమిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాను, తెలియదు.

కథ మళ్ళీ రాశాను. ఈసారి అక్కను పెట్టాను. అందరూ తిన్నాక ఒంటరిగా కుండ అడుగు గోక్కుని మాడు తినే పిల్లగా. రాస్తూ ఏడ్చాను కూడా, అబద్ధమెందుకు. తీసుకెళ్ళి చూపించాను. అక్క చదివి పకపకా నవ్వింది. "మాడు నాకిష్టం రా! మీకు దొరకకూడదనే కదా మీరు లేచాక కుండ తీసేదాన్ని. అమ్మ దాంట్లో బెల్లం పెట్టి ఇచ్చేది. నీకు తెలిస్తే మిగలనిస్తావా?" తర్వాత కాసేపాగి, "ఆ అరముద్ద మాత్రం నాదే" అంది.

ఆ రెండూ ఒకే కథలో ఎట్లా పెట్టాలో తెలియక మూడో ప్రతి నాలుగేళ్ళు నా పెట్టెలోనే ఉండిపోయింది.

మీ అక్క ధర్మవరంలో ఉంటుందని రాశావు కదా. నీ ఎనిమిది పేజీల్లో ఆమె పేరు ఒకే ఒక్కసారి వచ్చింది, అదీ పెళ్ళి అప్పు దగ్గర. నాకు జవాబు రాసే ముందు ఒకసారి వెళ్ళి రా. కాగితం, పెన్ను తీసి ముందు పెట్టుకోకు, బెదిరిపోతారు. ఆమె ఏ పప్పో ఏరుతుంటే పక్కన కూర్చుని నువ్వూ రెండు రాళ్ళు ఏరు.

రెండో ప్రతి పోస్టులో పంపకు, నువ్వే పట్టుకుని రా. పండగ దాకా మా అక్క మా ఇంట్లోనే ఉంటుంది. ఆదివారమైతే ఉగ్గాని చేస్తుంది, బజ్జీలు నేను తెస్తాను.

ఉంటాను,
మీ అన్న